ఐల్ ఆఫ్ స్కై: టైల్‌కి ధర కట్టడమే అసలు ఆట

ఐల్ ఆఫ్ స్కై అనే బోర్డ్ గేమ్ ఆడినవాళ్లని ఎలా ఉందని అడిగితే ఎక్కువగా వినబడే మాట "కార్కసాన్‌కి డబ్బులు కలిపినట్టుంది" అని. నచ్చినవాళ్లూ అదే అంటారు, నచ్చనివాళ్లూ అదే అంటారు. నాకు ఆ మాట ఒప్పుకోబుద్ధి కాదు. కార్కసాన్ కూడా బోర్డ్ గేమే, టైల్స్ అనే చదరపు అట్టముక్కల్ని పక్కపక్కన పేర్చడం రెండిట్లోనూ ఉంది, అంతవరకు నిజమే. కానీ స్కైలో పేర్చడం సులువైన భాగం, చాలాసార్లు చూడగానే ఎక్కడ పెట్టాలో తెలిసిపోతుంది. బుర్ర పనిచేయాల్సింది అంతకుముందు, ఎవరికి వాళ్లు ముందు నిలబెట్టుకున్న చిన్న అట్ట తెర వెనక కూర్చుని ఈ టైల్‌కి ఎంత ధర పెట్టాలా అని ఆలోచించే ఆ రెండు మూడు నిమిషాల్లో. ఈ ఆట గురించి నేను విన్న అభిప్రాయాల్లో సగం ఈ ఒక్క విషయం దగ్గరే దారి తప్పుతాయని నాకనిపిస్తుంది, అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

తెలియనివాళ్ల కోసం ముందు ఆట సంగతి. అలెగ్జాండర్ ఫిస్టర్, ఆండ్రియాస్ పెలికాన్ అనే ఇద్దరు కలిసి తయారుచేశారు, 2015లో వచ్చింది, 2016లో జర్మనీవాళ్ల కెన్నర్‌ష్పీల్ అవార్డు దీనికే ఇచ్చారు. ఆటలు కాస్త అలవాటైనవాళ్ల కోసం ఇచ్చే అవార్డు అది. అంతకుముందు ఏడాది అదే అవార్డు బ్రూమ్ సర్వీస్‌కి వచ్చింది, అది కూడా ఈ ఇద్దరిదే. 2016లో దీనితో పోటీలో ఉన్నవాటిలో పాండెమిక్ లెగసీ ఒకటి, అప్పట్లో దాని గురించి ఎంత హడావిడి జరిగిందో గుర్తున్నవాళ్లకి ఈ చిన్న పెట్టె గెలవడం ఆశ్చర్యంగానే ఉండి ఉంటుంది. ఇద్దరి నుంచి ఐదుగురి దాకా ఆడొచ్చు, గంటలోపు అయిపోతుంది.

ప్రతి రౌండులో అందరూ సంచిలోంచి మూడేసి టైల్స్ తీసి అందరికీ కనిపించేలా తమ తెర ముందు పెడతారు. వెనక వైపు, ఎవరికీ కనబడకుండా, ఒక టైల్‌కి గొడ్డలి గుర్తున్న ముక్క పెట్టాలి, అంటే అది తిరిగి సంచిలోకి పోతుంది. మిగతా రెండిటికీ మన సొంత నాణేలతోనే ధర పెట్టాలి. తెరలు తీశాక వరసగా ఒక్కొక్కరూ ఎదుటివాళ్ల దగ్గర ఒక టైల్ కొనుక్కోవచ్చు, లేదా కొనకుండా ఊరుకోవచ్చు. మన టైల్ ఎవరైనా కొంటే వాళ్లిచ్చిన డబ్బు వస్తుంది, మనం ధరగా పెట్టిన నాణేలూ తిరిగి మన చేతికే వస్తాయి. ఎవరూ కొనకపోతే ఆ నాణేలు బ్యాంకుకి పోతాయి, టైల్ మనకే మిగులుతుంది. అంటే మన టైల్‌ని మనం పెట్టిన ధరకి మనమే కొనుక్కోవాలన్నమాట.

మన పల్లెల్లో అన్నదమ్ములు పొలం పంచుకునేటప్పుడు పెద్దవాడు పాళ్లు వేస్తే చిన్నవాడు ముందు కోరుకోవడం చాలాచోట్ల ఉంది కదా, ఈ రూలు చదవగానే నాకు అదే తోచింది. తనకి ఏది మిగిలినా గిట్టుబాటయ్యేలా పంచాల్సింది పంచేవాడే.

ఇప్పుడు లెక్క చూడండి. చేతిలో పన్నెండు నాణేలున్నాయి అనుకుందాం. విస్కీ పీపా ఉన్న టైల్‌కి ఆరు పెట్టాను, ఆవు ఉన్న టైల్‌కి మూడు పెట్టాను, ఇంకా మూడు మిగిలాయి. పీపా టైల్ అమ్ముడైతే నా ఆరు నాకొస్తాయి, పైన ఇంకో ఆరు వస్తాయి. అమ్ముడవకపోతే నా ఆరు పోతాయి, టైల్ ఉంటుంది. అమ్మితే ఆరు లాభం, అమ్మకపోతే ఆరు ఖర్చు, రెండిటి మధ్య తేడా పన్నెండు నాణేలు. చాలామంది ఈ తేడా ఆరే అనుకుని ధర పెడతారు, తర్వాత "డబ్బు ఎప్పుడు అయిపోయిందో తెలియలేదు" అంటారు. నేను పాటించే పద్ధతి ఏమిటంటే, ఆ టైల్ నాకు ఎన్ని నాణేల విలువ చేస్తుందో అంచనా వేసుకుని అందులో సగం ధర పెట్టడం. నాకు ఎనిమిది విలువ చేసే టైల్‌కి నాలుగు పెడితే, ఎవరైనా కొంటే నాలుగు లాభం, కొనకపోతే నాలుగు పోయి ఎనిమిది విలువైనది దక్కింది కాబట్టి అదీ నాలుగు లాభమే. ఎటు తిరిగినా నష్టం లేదు. అంతకంటే ఎక్కువ పెట్టాలంటే ఎవరో ఒకరు కచ్చితంగా కొంటారన్న నమ్మకం ఉండాలి, ఆ నమ్మకం రావాలంటే అవతలివాళ్లు టైల్స్ పేర్చి కట్టుకుంటున్న దీవుల్ని చూడాలి, వాళ్ల దగ్గర ఎంత డబ్బు ఉండొచ్చో గుర్తుపెట్టుకోవాలి, ఎందుకంటే డబ్బు తెర వెనక దాచుకోవచ్చు.

ఇక్కడే ఇంకో సంగతి. ఒక్కొక్కరూ రౌండుకి ఒక్క టైలే కొనగలరు. కాబట్టి నా టైల్ ఎంత బాగున్నా, పక్కవాడి దగ్గర అంతకంటే బాగున్నది చవగ్గా ఉంటే నాది మిగిలిపోతుంది. నా ధర మంచిదా కాదా అన్నది బల్ల మీద ఇంకా ఏమేం ఉన్నాయన్నదాన్ని బట్టే తేలుతుంది, మిగతావాళ్ల ధరలేమో తెరలు తీసేదాకా తెలియవు. ఈ ఉత్కంఠ కార్కసాన్‌లో ఎక్కడుంది? అక్కడ టైల్ తీస్తాం, పెడతాం, అయిపోయింది. అది గొప్ప ఆట కాదనడం లేదు, 2000లో వచ్చిన ఆ ఆట ఇప్పటికీ మా ఇంట్లో బయటికి వస్తూనే ఉంటుంది. కానీ ఒకదాన్ని చూసి రెండోదాని మీద తీర్పు చెప్పడం సరికాదు.

ధర కట్టడం గురించే విన్న ఇంకో అభిప్రాయం మా వదినది. మొదటి ఆటలో మూడు టైల్స్ ముందు పెట్టుకుని "ఏది ఎంత విలువో నాకేం తెలుసమ్మా, ఊరికే టెన్షన్" అంది. చాలామంది కొత్తవాళ్లు అనేది ఇదే, ఈ ఫిర్యాదు న్యాయమైనదని నేను ఒప్పుకుంటాను. ఆట రూలు పది నిమిషాల్లో చెప్పొచ్చు, విలువ కట్టడం మాత్రం ఒక ఆట పూర్తిగా ఆడితే తప్ప రాదు. అనుభవం ఉన్నవాళ్లు కొత్తవాళ్లతో ఆడితే కొత్తవాళ్లు మంచి టైల్స్‌ని రెండు మూడు నాణేలకి పెట్టేస్తారు, వాళ్ల పక్కన కూర్చుని ముందుగా కొనే వంతు వచ్చినవాడికి పండగే. అందుకే నేర్పేటప్పుడు నేను పీపా టైల్‌తో మొదలుపెడతాను, దాని విలువ వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు కాబట్టి. ప్రతి రౌండు మొదట్లో మన దీవిలో మొదటి నుంచీ ఉండే కోటకి ఐదు నాణేలు వస్తాయి, రోడ్డుతో కోటకి కలిసిన ఒక్కో పీపాకి ఇంకో నాణెం. ఆరు రౌండ్ల ఆటలో మొదటి రౌండులో పీపాని కలిపితే తర్వాత ఐదుసార్లు డబ్బొస్తుంది, మూడో రౌండులో కలిపితే మూడుసార్లే, ఆఖరి రౌండులో ఒక్కసారి కూడా రాదు. అంటే అదే టైల్ మొదట్లో ఐదు నాణేలది, చివర్లో డబ్బు పరంగా సున్నా. ఇది చెప్పాక వదిన ముఖంలో టెన్షన్ కాస్త తగ్గింది, రెండో రౌండుకల్లా మా తమ్ముడి చేత ఒక పీపా టైల్‌ని ఆరు నాణేలకి కొనిపించింది. "వాడికి రోడ్డు సరిగ్గా అక్కడే ఆగింది చూడు" అని నవ్వింది. ఆట అర్థమైందనడానికి అంతకంటే ఏం కావాలి.

రోడ్ల సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట. కార్కసాన్ నుంచి వచ్చినవాళ్లు ఇక్కడ తికమకపడతారు. కొండ పక్కన కొండ, నీళ్ల పక్కన నీళ్లు, పచ్చిక పక్కన పచ్చిక రావాలి, అది తప్పనిసరి. రోడ్డు మాత్రం కలవక్కర్లేదు, సగంలో ఆగిపోయినా ఫరవాలేదు. కలిస్తే మనకే లాభం, అంతే.

"అంతా అదృష్టమే, సంచిలోంచి ఏదొస్తే అది" అనేవాళ్లతో నాకు అస్సలు కుదరదు. మామూలు టైల్ ఆటల్లో మనకి పనికిరాని ముక్క వస్తే ఆ వంతు వృథా. ఇక్కడ నాకు పనికిరానిది ఇంకొకరికి పనికొస్తే అది నాకు డబ్బు. ముగ్గురిలో ఎవరికి ఆ సరస్సు పూర్తిచేసే ముక్క కావాలో చూసుకుని, ఆ మనిషి ఇష్టంగా ఇచ్చేంత ధర పెట్టుకుంటే చాలు. గొడ్డలి కూడా ఊరికే పనికిరానిదాన్ని పారేయడానికే అనుకుంటారు, కాదు. నాకు అక్కర్లేకపోయినా ముందంజలో ఉన్న మనిషికి సరిగ్గా సరిపోయే టైల్ వచ్చినప్పుడు, దాన్ని ఎక్కువ ధరకి అమ్మి డబ్బు చేసుకోవాలా, గొడ్డలేసి అసలు దొరక్కుండా చేయాలా అన్నది ఆటలోకెల్లా కష్టమైన నిర్ణయాల్లో ఒకటి. నేనైతే చాలాసార్లు అమ్మడానికే మొగ్గుతాను, ఎందుకంటే నలుగురి ఆటలో గొడ్డలేస్తే మిగతా ఇద్దరికీ కూడా లాభమే, నాకు చేతిలోకి ఏమీ రాదు. చివరి రౌండులో మాత్రం మాట మారుతుంది.

ఈ అదృష్టం వాదన చేసేవాళ్లు సాధారణంగా డబ్బు చేతిలో లేకుండా కూర్చున్నవాళ్లే అయి ఉంటారు. ధరగా పెట్టిన నాణేలు కొనడానికి పనికిరావు, అవి టైల్ కింద ఇరుక్కుపోయినట్టే. రెండు టైల్స్‌కీ పెద్ద ధరలు పెట్టి చేతిలో ఒక్క నాణెం మిగుల్చుకుంటే ఎదురుగా ఎంత మంచి టైల్ ఉన్నా చూస్తూ ఉండాలి. అయితే కొనే వరసలో చివర ఉన్నవాళ్లకి ఒక వెసులుబాటు ఉంది, తన కంటే ముందు వంతు ఉన్నవాళ్లు తన టైల్ కొంటే ఆ డబ్బుతో అప్పటికప్పుడే తనూ కొనుక్కోవచ్చు. మొదట కొనేవాడికి ఎంపిక ఎక్కువ, చేతిలో మిగుల్చుకున్న డబ్బు మాత్రమే దిక్కు. చివరివాడికి ఎంపిక తక్కువ, డబ్బు ఎక్కువ ఉండే అవకాశం. ప్రతి రౌండుకీ మొదటి వంతు పక్కవాళ్లకి మారుతుంది కాబట్టి ప్రతి రౌండులోనూ ధర పెట్టే తీరు మారాలి. దీన్ని పట్టించుకోకుండా ఎప్పుడూ ఒకేలా ధర పెట్టేవాళ్లని చూస్తే నాకు చెప్పేయాలనిపిస్తుంది, ఆట మధ్యలో చెప్పడం మర్యాద కాదు కాబట్టి ఊరుకుంటాను.

పాయింట్ల లెక్క గురించి అందరూ మెచ్చుకునేదే నేనూ మెచ్చుకుంటాను. పదహారు స్కోరింగ్ టైల్స్‌లోంచి ప్రతి ఆటకీ నాలుగు తీసి వరసగా పెడతారు. ఒక ఆటలో గొర్రెలకి పాయింట్లు, ఇంకో ఆటలో ఎక్కువ డబ్బున్నవాళ్లకి, ఇంకో ఆటలో పూర్తయిన పెద్ద ప్రాంతాలకి. నాలుగింటి కలయికలే 1,820, ఏది ఏ స్థానంలో ఉందన్నది కూడా లెక్కేస్తే 43,680. స్థానం ఎందుకు ముఖ్యమంటే ప్రతిదీ మూడేసిసార్లే లెక్కకొస్తుంది, కొన్ని మొదటి నుంచీ వస్తాయి, కొన్ని ఆట రెండో సగంలోనే వస్తాయి. మొదటి రౌండులో ఒక్కటే లెక్క, చివరి రెండు రౌండ్లలో మూడేసి. గొర్రెలు మొదటి స్థానంలో ఉంటే తొలి రౌండులోనే వాటికోసం పోటీ, చివరి స్థానంలో ఉంటే ముందు పీపాలు పోగేసుకుని డబ్బొచ్చాక కొనుక్కోవచ్చు. ఎక్కువ డబ్బుకి పాయింట్లిచ్చే టైల్ వచ్చిన ఆటలో బల్ల చుట్టూ అందరూ పిసినారులైపోతారు, ధరలన్నీ పడిపోతాయి, అప్పుడు చవగ్గా కొనగలిగే ధైర్యం ఉన్నవాళ్లు బాగుపడతారు.

వెనకబడ్డవాళ్లకి ఇచ్చే డబ్బు గురించి మా గ్రూపులో ఇప్పటికీ వాదన తెగలేదు. మూడో రౌండు నుంచి, పాయింట్లలో మన కంటే ముందున్న ఒక్కొక్కరికీ ఇంత అని మనకి అదనపు నాణేలు వస్తాయి. మూడో రౌండులో మనిషికి ఒకటి, తర్వాత రెండు, మూడు, ఆఖరి రౌండులో నాలుగు. నలుగురి ఆటలో చివర ఉన్నవాడికి ఆఖరి రౌండులో ఏకంగా పన్నెండు నాణేలు. ఒకాయన, గట్టిగా ఆడే మనిషి, "బాగా ఆడినందుకు శిక్ష ఏమిటన్నా ఇది" అని ప్రతిసారీ అంటాడు. ఆయన బాధ నాకర్థమవుతుంది. కానీ నా లెక్క వేరు. చివర్లో ఐదు నాణేలకి ఒక పాయింటు, కాబట్టి పన్నెండు నాణేలు ఊరికే దాచుకుంటే రెండు పాయింట్లే. వాటిని పాయింట్లుగా మార్చాలంటే ఆఖరి రౌండులో తనకి సరిపోయే టైల్ ఎవరో ఒకరు అమ్మకానికి పెట్టాలి, కొనడం కూడా ఒక్కటే కొనగలడు. పైగా ఆ డబ్బు ఎవరి చేతికి పోతుంది? ముందున్నవాళ్ల దగ్గర కొంటే వాళ్లకే. ఆఖరి రౌండులో వెనకబడ్డవాడి దగ్గర డబ్బుందని అందరికీ తెలుసు కాబట్టి తెలివైనవాళ్లు అతనికి సరిపోయే టైల్‌కి మంచి ధర పెట్టుకుంటారు. వెనకబడ్డవాడికి ఆశ మిగలడం వల్లే ఆట చివరిదాకా నలుగురూ కుర్చీల్లో ముందుకి వంగి ఉంటారు. కావాలని వెనకబడి ఉండటం గెలుపు దారి అని కొందరంటారు గానీ నేను చూసిన ఆటల్లో అది పెద్దగా ఫలించలేదు. ఒక్క పాయింటు వెనక ఉండి ముందున్న అందరి లెక్కనా అదనపు నాణేలు అందుకోవడం వేరు, ఇరవై పాయింట్లు వెనక ఉండటం వేరు. మొదటిది మంచి ఎత్తు, రెండోది పూడ్చుకోలేని గొయ్యి.

ఇద్దరే ఆడితే మాత్రం నాకు నచ్చదు. ఎదురుగా ఒక్క అమ్మకందారు, ఒక్క కొనుగోలుదారు. అవతలి మనిషికి ఏం కావాలో, ఎంత ఉందో తేలిగ్గా తెలిసిపోతుంది, తెర తీసినప్పుడు ఉండాల్సిన గుండెదడ ఉండదు. భార్యాభర్తలు ఇద్దరే ఆడుకోవడానికి ఏం కొనాలని అడిగితే దీన్ని చెప్పను. నలుగురైతే సరిగ్గా సరిపోతుంది, ముగ్గురైనా బాగుంటుంది. ఐదుగురు ఆడితే ఒక రౌండు తగ్గుతుంది, మొదలుపెట్టిన పీపాల ఫలితం అందుకునేలోపే అయిపోయినట్టుంటుంది.

థీమ్ అతికించినట్టుందన్నది ఇంకో ఫిర్యాదు. స్కై అన్నది స్కాట్లాండ్ పడమటి తీరాన నిజంగా ఉన్న దీవి. టైల్స్ మీద కనబడే గుండ్రటి రాతి బురుజులు, బ్రోచ్‌లు, ఇనుప యుగం నాటివి, వాటి శిథిలాలు ఇప్పటికీ అక్కడ ఉన్నాయి. 1830లో పెట్టిన టాలిస్కర్ విస్కీ బట్టీ ఆ దీవిలో ఇప్పటికీ నడుస్తోంది. మనం ఒక్కో తెగ నాయకుడిగా రాజ్యం పెంచుకుంటున్నాం అన్నది కథ. ఆడుతున్నంతసేపూ నేను నాయకుణ్ని అనిపిస్తుందా అంటే లేదు, సంతలో వ్యాపారిని అనే అనిపిస్తుంది. క్లెమెన్స్ ఫ్రాంజ్ వేసిన బొమ్మలు మాత్రం నాకిష్టం. ఆట అయ్యాక ఎవరి దీవి వాళ్లు ఫోన్లో ఫోటో తీసుకోవడం మా దగ్గర మామూలే, ఓడినవాళ్లతో సహా.

టైల్స్ కొనే ఆటలు ఇంకా ఉన్నాయి, వాటితో పోల్చితే నా ఇష్టం ఎక్కడుందో చెప్పడం తేలిక. టెడ్ ఆల్‌స్పాక్ చేసిన సబర్బియా 2012లో వచ్చింది, అందులో ధర బల్ల మీదున్న మార్కెట్టే నిర్ణయిస్తుంది, టైల్ ఎంతసేపు అమ్ముడవకుండా ఉంటే అంత చవకవుతుంది. ఆగాలా, ఇప్పుడే కొనాలా అన్నదే అక్కడ ప్రశ్న, ఎదుటి మనిషి మనసుతో పని తక్కువ. ఆయనదే 2014లో వచ్చిన కాజిల్స్ ఆఫ్ మ్యాడ్ కింగ్ లుడ్విగ్‌లో రౌండుకి ఒకరు ధరలు నిర్ణయిస్తారు, మిగతావాళ్లు కొని ఆ డబ్బు ఆ మనిషికే ఇస్తారు. అది నాకు చాలా ఇష్టమైన ఆట, కట్టే కోట కూడా స్కై దీవి కంటే ముచ్చటగా ఉంటుంది. కానీ ఒకరు ధరలు సర్దుతుంటే మిగతా ముగ్గురూ కాఫీ తాగుతూ కూర్చోవాలి, ఆ ఒకరు నిదానంగా ఆలోచించే మనిషైతే రెండో కాఫీ కూడా. స్కైలో అందరూ ఒకేసారి ధర పెడతారు, ఒకేసారి తెర తీస్తారు. ఎంత ఆలోచించినా ఆలస్యం నలుగురిదీ ఒక్కసారే అయిపోతుంది. గంటలోపు ఇంత బేరం జరిగే ఆట నాకింకా దొరకలేదు.

విస్తరణలు, అంటే అసలు ఆటకి కలుపుకునే అదనపు పెట్టెలు, రెండున్నాయి, 2017లో జర్నీమ్యాన్, 2018లో డ్రూయిడ్స్. జర్నీమ్యాన్‌లో మన దీవి మీద ఒక మనిషిని నడిపించాలి, ఆట బరువెక్కుతుంది, సమయం పెరుగుతుంది. డ్రూయిడ్స్‌లో అందరూ కొనుక్కున్నాక రెండోసారి కొనడానికి ఇంకో వరస టైల్స్ ఉంటాయి. కొత్తగా కొనేవాళ్లకి రెండూ అక్కర్లేదు, మామూలు పెట్టె చాలాకాలం వస్తుంది. మన దగ్గర దిగుమతి ఆటలు ఎంత ఖరీదో తెలిసిందే కాబట్టి దగ్గర్లో బోర్డ్ గేమ్ కెఫే ఉంటే, లేదా అమెరికా నుంచి వచ్చే చుట్టాల పెట్టెలో చోటుంటే, ముందు ఆ దారి చూడండి.

మొదటిసారి ఆడేటప్పుడు స్కోరింగ్ టైల్స్ గుడ్డిగా తీయకండి. గొర్రెలు, పూర్తయిన ప్రాంతాలు లాంటి చూడగానే అర్థమయ్యేవి ఏరి పెట్టండి, ఎక్కువ డబ్బుకి పాయింట్లిచ్చేదాన్ని పక్కన పెట్టండి, లేకపోతే కొత్తవాళ్లు కొనడమే మానేస్తారు. మొదటి రౌండులో చేతికొచ్చేది ఐదు నాణేలే కాబట్టి ధరలు ఒకటో రెండో పెట్టుకోమని చెప్పండి, కనీసం ఒక నాణెం చేతిలో ఉంచుకోమనండి. రెండో రౌండు నుంచి ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు, ఎవరు ఎవరి దీవి వైపు తొంగి చూస్తున్నారో చూస్తే చాలు, ధర ఎంత పెట్టాలో మీకే తెలుస్తుంది.